మొదటి తెరచాప పడవ పాతది కొంటున్నాను, ఏది తీసుకోవాలి?

దేవరకొండ_నీలి:
నిన్న మధ్యాహ్నం నుంచి ఇదే పని. ఎన్ని వీడియోలు చూసినా అన్నీ సముద్రం మీద తిరిగే పెద్ద పడవల గురించే, నాకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. హైదరాబాద్‌లో రెండు పాత తెరచాప పడవలు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి లేజర్ అనే రకం, ఫైబర్‌ది, లక్షా పది వేలు అంటున్నారు. రెండోది ఎంటర్‌ప్రైజ్, చెక్కది, డెబ్బై వేలు. రెండూ పైకి బాగానే కనిపిస్తున్నాయి. లేజర్‌కు ఈమధ్యే రంగు వేశారు. ఇంకొకరు కూడా అడుగుతున్నారట, ఆదివారంలోపు చెప్పమంటున్నారు. దయచేసి ఏది కొనాలో ఒక్క మాటలో చెప్పండి.

చుక్కాని:
ఎక్కడ నడుపుతారు? ఎంతమంది ఎక్కుతారు?

మిర్యాలగూడ_మాస్టారు:
పడవ సంగతి తరువాత. ముందు లైఫ్ జాకెట్. మన దగ్గర జనం దాన్ని బరువని పక్కన పడేస్తారు, ఈత వచ్చినవాళ్ళయితే మరీను. చల్లటి నీటిలో హఠాత్తుగా పడ్డా, బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) వచ్చి తలకు తగిలినా ఈత ఏ మాత్రం పనికిరాదు. జాకెట్ మీద మనిషిని నీళ్ళలో తేల్చే బలం న్యూటన్లలో రాసి ఉంటుంది, చూసి కొనండి. 50 అని ఉన్నది ఈత వచ్చి, దగ్గరలో సాయం ఉన్నవాళ్ళకు. స్పృహ తప్పినవాడి ముఖాన్ని పైకి తిప్పడం దాని వల్ల కాదు. దానికి కనీసం 100 కావాలి. పిల్లలకు నడుం పట్టీతో పాటు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా ఉండాలి, లేకపోతే నీళ్ళలో పడగానే జాకెట్ తల మీదుగా ఊడి వచ్చేస్తుంది. ఎక్కడ కొన్నా సరే, ఒంటికి తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి.

దేవరకొండ_నీలి:
మాస్టారూ, జాకెట్ తప్పకుండా కొంటాను. పడవ గురించి చెప్పండి. నడిపేది నాగార్జున సాగర్‌లోనే, మాకు అదే దగ్గర.

గాలివాటు:
లేజర్ అయితే రంగును చూసి మోసపోవద్దు. కొత్త రంగు కింద పగుళ్ళు దాగి ఉండవచ్చు. మొదట వెనక భాగంలో ఉన్న బిరడా తీసి, పడవ ముందు భాగాన్ని ఎత్తి పట్టండి, లోపల నీళ్ళుంటే కారతాయి. తరువాత డెక్కు, అంటే పడవ పైభాగం మీద మోకాలు ఆనించి నొక్కుతూ పోండి. మెత్తగా తగిలినా, టకటక కొడితే మొద్దుగా మోగినా అక్కడ ఫైబర్ పొరలు విడిపోయినట్టు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) దిగే గొట్టం. దాని నిండా నీళ్ళు పోసి కాసేపు వదిలేయండి. మట్టం తగ్గితే గొట్టం అడుగున చీలిక ఉంది. గట్టి గాలికి మాస్ట్ ఆ గొట్టాన్ని, డెక్కును చీల్చుకుని పడిపోతుంది. చివరగా తూకం. లేజర్ ఒట్టి పడవ బరువు 59 కిలోలు. మీ ఊళ్ళో పత్తి కాటా ఉంటే దాని మీదకు ఎక్కించండి. బాగా ఎక్కువ చూపిస్తే లోపలి నురుగు నీళ్ళు పీల్చిందన్నమాట, అది ఆరదు.

తెరచాప విప్పి చేత్తో నలపండి. మంచిదైతే కరకరమంటుంది. పాత పంచెలా మెత్తగా ముడుచుకుంటే దాని పని అయిపోయింది. తాళ్ళు పాతవైనా పరవాలేదు, అవి చవక.

దేవరకొండ_నీలి:
బిరడా తీసి చూశాను, కొంచెం నీళ్ళు వచ్చాయి. లీకు కాదు, చెమ్మ అని అమ్మే ఆయన అన్నారు.

చుక్కాని:
చెమ్మ కారదు. లీకే.

గాలివాటు:
అది అంత ఖాయంగా చెప్పలేం. మూసిన పడవ లోపల పగలు వేడి, రాత్రి చలి, గాలిలోని తేమ నీరుగా దిగుతుంది. "కొంచెం" అంటే ఎంత? గ్లాసు వరకైతే నేను పట్టించుకోను. చెంబు దాటితే ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కునే దాకా కొనవద్దు.

చుక్కాని:
ఒడ్డున నెలలు పడి ఉన్న పడవలో గ్లాసు నీళ్ళు ఎందుకుండాలి?

గాలివాటు:
బయట కప్పు లేకుండా వానకు తడిస్తే ఉంటాయి. అందుకే గొట్టంలో నీళ్ళు పోసి చూడమన్నాను.

సోమశిల_పుట్టి:
అన్నా, పడవ ఏదైనా ముందు నీటిని తెలుసుకో. సాగర్ నిండితే సముద్ర మట్టానికి 590 అడుగులు, ఎండాకాలంలో డెబ్బై అడుగుల దాకా దిగుతుంది. ఒడ్డు ఎక్కడికో జరిగిపోతుంది, మధ్యలో మోకాలి లోతు బురద. అందులో నుంచి బరువైన పడవను ఎలా ఈడుస్తావు? మునిగిన మొద్దులు, బండలు నీరు తగ్గితే అడుగుకు తగులుతాయి, పడవ పక్కకు జారకుండా కిందికి దించే పలక విరుగుతుంది. మా శ్రీశైలం వెనక నీళ్ళలోనూ అంతే. వానాకాలం పడమటి గాలి కొండ సందుల్లో నుంచి ఉన్నట్టుండి ఒక్కసారే వచ్చి కొడుతుంది. మేము పుట్టిలో ఒడ్డు వెంబడే పోతాం. ఒడ్డున చేపలు పట్టేవాళ్ళను రెండు రోజులు అడిగి తిరుగు, వాళ్ళు చెప్పేది ఏ వీడియోలోనూ ఉండదు.

కాగితాలవాడు:
అనుమతి సంగతి ఎవరూ ఎత్తలేదు. 1917 నాటి చట్టం పోయి 2021లో కొత్త లోతట్టు నౌకల చట్టం వచ్చింది. యంత్రం లేని పడవలకు అందులో వేరే అధ్యాయమే ఉంది. ఇంజను లేదు కాబట్టి ఎవరినీ అడగక్కరలేదని అనుకోవద్దు. పైగా సాగర్‌కు అటు ఒడ్డు ఆంధ్రప్రదేశ్, ఒడ్డున చాలా మేర పులుల అభయారణ్యం. డ్యాం దగ్గరకు అసలే రానివ్వరు. పడవ కొనకముందే నీటిపారుదల శాఖ, అటవీ శాఖ కార్యాలయాలకు వెళ్ళి రాతపూర్వకంగా అడగండి.

చుక్కాని:
ఎంతమంది ఎక్కుతారో ఇంకా చెప్పలేదు.

దేవరకొండ_నీలి:
నేను, మా అమ్మాయి. తనకు పదేళ్ళు. నాకింకా నడపడం రాదు, కొన్నాక నేర్చుకుందామని. పడవను తేవడానికి బంధువుల బొలెరో ఉంది.

గాలివాటు:
ఇది మొదటే చెప్పాల్సింది. లేజర్ ఒక్కరి పడవ. పైగా పడవ డొప్ప ఒకటే అయినా తెరచాపలు మూడు కొలతల్లో ఉంటాయి: 7.06, 5.76, 4.7 చదరపు మీటర్లు. ఇప్పుడు వాటిని ఇల్కా 7, 6, 4 అంటున్నారు. మాస్ట్ కింది భాగం కూడా దేనికది వేరు. అమ్మే ఆయన దగ్గర ఉన్నది ఏదో అడిగారా?

ఎంటర్‌ప్రైజ్ ఇద్దరి కోసమే చేసినది, నాలుగు మీటర్ల పొడవు. కానీ ఒట్టి పడవే 94 కిలోలు, ట్రైలర్ కావాలి. చెక్కది కాబట్టి నీడలో బోర్లించి ఉంచాలి, నల్లగొండ ఎండకు పైపూత పెచ్చులు లేచిపోతుంది. ముందుగా మాత్రం హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌కు వెళ్ళి నేర్చుకోండి. అక్కడ బోల్తా పడిన పడవను నిలబెట్టడం వచ్చాకే అమ్మాయిని ఎక్కించుకోండి. ఆదివారం గడువు మీకు కాదు, అమ్మే ఆయనకు.

మిర్యాలగూడ_మాస్టారు:
పదేళ్ళ అమ్మాయి అన్నారు కదా. కాళ్ళ పట్టీ ఉన్న జాకెట్, ఆమె బరువుకు తగిన కొలత. పెద్దవాళ్ళది తొడగవద్దు.

దేవరకొండ_నీలి:
లేజర్ కాటా వేయించాను, 71 చూపించింది. వదిలేశాను. ఎంటర్‌ప్రైజ్ వచ్చే నెల చూస్తాను, అమ్మకపోతే. థాంక్స్ అందరికీ.

చుక్కాని:
ఎంటర్‌ప్రైజ్‌లో పలక దిగే పెట్టె చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. దిగబడితే చెక్క కుళ్ళింది.

సోమశిల_పుట్టి:
ట్రైలర్ దొరికిందా అన్నా? కొల్లాపూర్‌లో ఒక పాతది ఉంది, చక్రాల బేరింగులు మార్చాలి.