యవనిక: గ్రీకు తెరేనా?

రంగపీఠం: నాటకోత్సవ సంచికకు వచ్చిన ఒక వ్యాసంలో ఈ వాక్యం ఉంది: “తెరకు యవనిక అనే పేరుండటమే మన నాటకం యవనుల నుంచి వచ్చిందనడానికి సాక్ష్యం.” యవనులంటే గ్రీకులు. అచ్చుకు ఇచ్చేముందు అడుగుతున్నాను. ఈ మాట నిలుస్తుందా?

అమరాభ్యాసి: నిలవదండీ. ముందు పాఠం చూడండి. అమరకోశంలో “ప్రతిసీరా జవనికా స్యాత్ తిరస్కరిణీ చ సా” అని చదువుకుంటాం. అక్కడున్నది జవనిక. ప్రాకృతంలో పదం మొదటి యకారం జకారమవుతుంది. యాత్ర జాతర, యోగి జోగి, యముడు జముడు అయిన తీరు మనకు తెలిసిందే. అందుకే ఇక్కడ రెండు దారులకూ వీలుంది. యవనికే ప్రాకృతంలో ‘జవణిఆ’ అయి, జవనికగా సంస్కృతంలోకి తిరిగొచ్చి ఉండొచ్చు. లేదా జవం, అంటే వేగం, నుంచి పుట్టిన జవనికను లేఖకులు ప్రాకృత రూపమనుకుని యవనికగా ‘దిద్ది’ ఉండొచ్చు. అడ్డుకునేది అనే అర్థంలో ‘యమనిక’ అని మూడో పాఠమూ ఉంది. రాజశేఖరుడైతే తన ప్రాకృత నాటకం కర్పూరమంజరిలో అంకాలకు జవనికాంతరాలనే పేరు పెట్టాడు.

పోనీ, యవనికే అసలు రూపం అనుకుందాం. అప్పుడు తేలేది ఆ గుడ్డ యవనులదనో, యవన వర్తకులు తెచ్చారనో. అంతే. చీనాంబరం అన్నామని చీర కట్టుకోవడం చీనా నుంచి రాలేదు కదా!

నేపథ్యం: దానికన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ నాటి ఏథెన్స్ రంగస్థలానికి ముందువైపు తెరే లేదు. కొండవాలు మీద, పట్టపగలు, వేలమంది ముందు ఆడేవారు. 15 మంది బృందగాయకులు పక్కదారుల్లో వచ్చి, కింద ఆర్కెస్ట్రా అనే బృందస్థలంలో సాధారణంగా చివరిదాకా ఉండేవారు. చావు మామూలుగా లోపల జరిగేది. శవాన్ని చక్రాల బల్ల మీద బయటికి తోసి చూపేవారు, దాని పేరు ఎక్కిక్లీమా. ఇందులో తెరకు పనేముంది? ముందు తెర రోమన్లది. అదీ ఆట మొదట్లో కిందికి, గాడిలోకి దిగేది, చివర్లో పైకి లేచేది.

మన యవనిక ఉండేచోటే వేరు. నాట్యశాస్త్ర వ్యాఖ్యాత అభినవగుప్తుడి వివరణ ప్రకారం అది రంగపీఠానికీ (వేదిక ముందుభాగం) రంగశీర్షానికీ (వెనక భాగం) మధ్య కట్టేది. అంటే ప్రేక్షకుడికీ ఆటకీ మధ్య అడ్డుగోడ కాదు. పూర్వరంగంలో, అంటే నాటకానికి ముందు జరిగే తంతులో, ప్రత్యాహారం నుంచి ఆసారితం దాకా తొమ్మిది అంగాలు, వాద్యాలు సర్దుకోవడం, శ్రుతి చూసుకోవడం వగైరా, దాని వెనకే జరుగుతాయి. నాట్యశాస్త్రం మధ్యమ మండపానికి, అంటే నడితరహా నాటకశాలకు, చెప్పిన కొలత 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు. అంతకన్నా పెంచితే మాట స్పష్టత పోతుందని, ముఖంలో భావం కనబడదని కారణం కూడా చెప్పింది. గ్రీకులు ముసుగులు తొడిగారు, మనవాళ్లు కనుబొమ్మలతో పని చేయించారు.

రంగపీఠం: అయితే అసలు సంబంధమే లేదంటారా?

నేపథ్యం: అలా కొట్టిపారేయను. 1882లో జర్మన్ పండితుడు విండిష్ గ్రీకు ‘కొత్త కామెడీ’తో (మెనాండర్ తరహా హాస్యనాటకాలు) సంస్కృత నాటకం మృచ్ఛకటికను పోల్చాడు. మృచ్ఛకటికలోని శకారుణ్ణి అక్కడి డంబాల సిపాయి పాత్రతో, విటుణ్ణి పరాన్నభోజి పాత్రతో జతకట్టాడు. లోపం ఎక్కడంటే, అప్పటికి మెనాండర్ నాటకం ఒక్కటీ పూర్తిగా దొరకలేదు. విండిష్ చేతిలో ఉన్నవి ఎక్కువగా రోమన్ రచయితలు ప్లాటస్, టెరెన్స్‌ల లాటిన్ అనుసరణలు. మెనాండర్ ‘డిస్కొలొస్’ దాదాపు పూర్తిగా అచ్చులో వెలుగు చూసింది 1958లో. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ 1890లోనే విండిష్ వాదాన్ని ఖండించాడు.

గ్రీకు పక్షాన వాదించాలంటే మాటను వదిలి మట్టిలోకి వెళ్లాలి. అఫ్గానిస్తాన్‌లోని ఐ ఖానుమ్ తవ్వకాల్లో వేలమంది పట్టే గ్రీకు రంగస్థలం బయటపడింది. అక్కడి రాజకోశంలో గ్రీకు నాటక పద్యాల ముక్కలూ దొరికాయి. ఆ ప్రాంతంలో, అంటే నాటి బాక్ట్రియాలో, గ్రీకు నాటకం ఆడేవారనడానికి బలమైన ఆధారం అదే. అక్కణ్ణుంచి మృచ్ఛకటిక కథ జరిగే ఉజ్జయినికి ఏం చేరిందో చెప్పే లంకె మాత్రం దొరకలేదు.

అమరాభ్యాసి: ఒక చిన్న సవరణ కూడా, రంగపీఠం గారూ. సంచికలో “యవనిక లేచింది” అని రాశారేమో చూడండి. నాట్యశాస్త్రంలో భరతుడు వాడిన క్రియ ‘విఘాట్య’, అంటే తొలగించి. కూచిపూడిలో ఇద్దరు పట్టుకునే తెరా అంతే, తొలగుతుంది. సత్యభామ తన జడను ఇవతలికి వేసేది దాని మీదుగానే. చుట్టుకుంటూ పైకి లేచే రంగుల తెరలు పార్సీ, ధార్వాడ నాటక కంపెనీలతో 19వ శతాబ్దంలో వచ్చాయి. వాటికి “తెర లేచింది” సరిపోతుంది.