వియత్నాంలో పొద్దున్నే టిఫిన్ ఎక్కడ? హోటల్ బఫేలోనా, వీధిలోనా? (అమ్మతో వెళ్తున్నా)

కృష్ణలంక_అబ్బాయి:
అందరికీ నమస్తే. డిసెంబర్‌లో అమ్మని తీసుకుని 8 రోజులు వియత్నాం వెళ్తున్నాను, హనోయ్, హోయ్ ఆన్, హో చి మిన్ సిటీ. అమ్మకి 63 ఏళ్లు. కోడి, గుడ్డు, చేప తింటుంది, గొడ్డు మాంసం, పంది మాంసం అస్సలు ముట్టదు. బుక్ చేసిన హోటళ్లన్నిట్లోనూ బ్రేక్‌ఫాస్ట్ కలిపే ఉంది, పొద్దున అక్కడే కడుపు నింపుకుని బయటపడండి అంటున్నాడు అన్నయ్య. నాకు మనసొప్పట్లేదు. కిందటేడు ఆఫీసు పని మీద బ్యాంకాక్ వెళ్లి నాలుగు రోజులూ బఫేలో బ్రెడ్డు, ఆమ్లెట్, పుచ్చకాయ ముక్కలు తిని వచ్చేశాను, ఆ ఊళ్లో జనం పొద్దున్నే ఏం తింటారో నాకిప్పటికీ తెలీదు. ఆ వెలితి అలాగే ఉండిపోయింది. అమ్మ కాశీలో కచోరీ జిలేబీ కోసం రోజూ ఆరింటికే మమ్మల్ని లేపి గల్లీల్లోకి నడిపించిన మనిషి, ఆవిడకి ఆ సరదా ఉంది. కాకపోతే షుగర్ ఉంది, మాత్ర వేసుకున్నాక అరగంటలో ఏదో ఒకటి కడుపులో పడాలి. ఇలాంటి పరిస్థితిలో బయట తినడం కుదురుతుందా? ఏం అడగాలి, ఏం వద్దనాలి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

హనోయ్‌లో_రెండేళ్లు:
తప్పకుండా బయటే తినండి. ఉద్యోగం కోసం రెండేళ్లు ఉన్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నా, హనోయ్ అసలు రుచి పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపే. ఆ తర్వాత చాలా బండ్లు సర్దేస్తారు. ఒక్కో చోట ఒక్కటే వంటకం ఉంటుంది, మెనూ అంటూ ఏమీ ఉండదు, అడుగు ఎత్తు ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చుంటే వాళ్లే తెచ్చి పెడతారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ఆ స్టూళ్లు కష్టం, లోపల బల్లలున్న కొట్టు చూసుకోండి.

ముందు రెండు మాటలు నేర్చుకోండి: 'గా' అంటే కోడి, 'బో' అంటే గొడ్డు మాంసం. 'ఫో' అంటే వేడి రసంలో వేసిచ్చే బియ్యం నూడుల్స్, 'ఫో గా' అని బోర్డున్న చోటే కూర్చోండి. రెండు రకాలూ అమ్మే కొట్లో కోడి ముక్కలే వేసినా, రసం ఏ ఎముకలతో కాచిందో అడిగి తెలుసుకోవడం కష్టం. డిసెంబర్‌లో హనోయ్ చలిగా ఉంటుంది, ఆ చలిలో పొగలు కక్కే ఫో గిన్నె ముందుకొస్తే, నిమ్మకాయ పిండి, మిరప ముక్కలు వేసుకుని మొదటి చెంచా రసం తాగితే... ఇక్కడ రాస్తుంటేనే నోరూరుతోంది. గిన్నె 50 వేల డాంగ్ అటూ ఇటూ, మన లెక్కలో 170 రూపాయల దగ్గర.

అమ్మగారికి తప్పకుండా చూపించాల్సింది బాన్ కువాన్. మరిగే నీళ్ల కుండ మీద గుడ్డ బిగించి కడతారు. దాని మీద గరిటెడు పల్చటి బియ్యప్పిండి జారు పోసి గుండ్రంగా రాస్తారు, మూత పెట్టి తీసేసరికి అద్దంలాంటి పొర తయారు. సన్నటి వెదురు బద్ద కిందకి దూర్చి ఒక్క చుట్టులో లేపేస్తారు, చిరగదు. మొదటిసారి చూసినప్పుడు ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆవిడ చెయ్యే గుర్తొచ్చింది. అక్కడ బోర్లించిన వేడి కుండ, ఇక్కడ ఆవిరి. కానీ మామూలుగా లోపల పంది ఖీమా పెడతారు, జాగ్రత్త. థాన్ చీ రకంలో లోపల ఏమీ ఉండదు, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లుతారు, అది అడగండి. పక్కన పెట్టే సాసేజ్ లాంటి ముక్కలు మాత్రం పందివే, వద్దనండి.

మంగళగిరి_శ్రీదేవి:
పైన చెప్పినవన్నీ నిజమే కానీ బాన్ మీ, అంటే అక్కడి బ్రెడ్డు శాండ్‌విచ్, విషయంలో నాకు జరిగింది చెప్తా. గుడ్డు బాన్ మీ అని అడిగాం, కళ్ల ముందే గుడ్డు వేయించింది, మా అత్తయ్యగారు సగం తినేశాక చూస్తే బ్రెడ్డు లోపల ముందే పాటే రాసి ఉంది. అది మామూలుగా పంది కాలేయంతో చేస్తారు. ఆవిడ ఆ రోజంతా ఏమీ తినలేదు, నాకు ఏడుపొచ్చింది. ఆ అమ్మాయి తప్పేం లేదు, అక్కడ గుడ్డున్నా పాటే రాయడం మామూలే, చెప్పాల్సింది నేనే. అందుకని బ్రెడ్డు కొయ్యకముందే పాటే వద్దని చెయ్యి అడ్డం పెట్టి చూపించండి.

ఇంకోటి, అక్కడ శాకాహారాన్ని 'చాయ్' అంటారు, మన టీ మాటలాగే వినిపిస్తుంది! 'తోయ్ అన్ చాయ్' అంటే నేను శాకాహారం తింటాను అని. చాంద్రమాసం ఒకటో తారీఖు, పౌర్ణమి రోజుల్లో మామూలు జనం కూడా చాలామంది మాంసం మానేస్తారు, ఆ రెండు రోజులూ చాయ్ తిండి ఎక్కువ చోట్ల దొరుకుతుంది. మీ తేదీల్లో పౌర్ణమి పడుతుందేమో పంచాంగం చూసుకోండి.

తమ్ముడూ, షుగర్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మాత్ర వేళ మార్చకుండా, హోటల్లో ఒక ఉడికించిన గుడ్డు, కాస్త ఏదైనా తినిపించి అప్పుడు బయటికి నడవండి. బఫే డబ్బులు ఎలాగూ ఇచ్చేశారుగా, దాన్ని అలా వాడుకోండి. ఊరు మారే రోజున మాత్రం హాయిగా బఫేలోనే తినేయండి, బ్యాగులతో వీధిలో తిరగలేరు.

ఇస్తాంబుల్_ఇష్టం:
వియత్నాం వెళ్లలేదు, టర్కీ అనుభవం చెప్తా. అక్కడ మేం చేసిన పొరపాటు మూడు రోజులు హోటల్లో తినడం. నాలుగో రోజు వీధిలో చిన్న కొట్లో గేదె పాల మీగడ మీద తేనె పోసి ఇచ్చారు, కైమాక్ అంటారు, కత్తితో కొయ్యాల్సినంత చిక్కగా ఉంది. మా నాన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "మా అమ్మ దాలిలో పాలు కాచి తీసిన మీగడరా ఇది" అన్నారు. నాన్నమ్మ పోయి పాతికేళ్లయింది. ఇంకేం మాట్లాడలేదు, ఇంకో ప్లేటు తెప్పించుకున్నారు. మిగతా రోజులన్నీ అక్కడికే వెళ్లాం. మీ అమ్మగారిని బఫేలో కూర్చోబెట్టకండి, ప్లీజ్.

కృష్ణలంక_అబ్బాయి:
అందరికీ చాలా థాంక్స్. అమ్మకి మొత్తం చదివి వినిపించాను. పూతరేకుల మాట రాగానే "వాళ్లు జారు ఎంత పల్చగా కలుపుతారో చూడాలి" అంది. ఇస్తాంబుల్ గారూ, మీ నాన్నగారి మాట చదివాక కాసేపు ఏం మాట్లాడలేకపోయాం. శ్రీదేవి అక్కా, పౌర్ణమి నిజంగానే పడుతోంది, ఆ రోజు హోయ్ ఆన్‌లో ఉంటాం. చివరిగా ఒక్కటి, హో చి మిన్‌లో పొద్దున ఏం తినాలి?

హనోయ్‌లో_రెండేళ్లు:
కమ్ తమ్ తినండి. అచ్చంగా మన నూకల అన్నమే, ఒకప్పుడు అమ్ముడుపోని నూకలు పేదవాళ్లు వండుకునేవారు, ఇప్పుడు ఊరంతా పొద్దున్నే అదే తింటోంది. పంది ముక్క బదులు వేయించిన గుడ్డు గానీ కోడి గానీ అడగండి, పక్కన చేప సాస్ చిన్న గిన్నెలో ఇస్తారు, కొంచెం కొంచెం పోసుకోమనండి, ఉప్పు ఎక్కువ. బాన్ కువాన్ ముందు కూర్చున్నప్పుడు అమ్మగారు ఏమన్నారో వచ్చాక ఇక్కడే రాయండి.