అప్‌డేట్: కొలరాడోలోని వేట ప్రాంతం యూనిట్ 24లో ఎల్క్ (పెద్ద కొమ్ముల జింక) వేట

"ట్రాపర్స్ లేక్ దగ్గర గుడారం వేసుకుని, కొత్తవాళ్ళం ఇద్దరం నాలుగు రోజుల్లో ఎల్క్ కొట్టగలమా?" అని వేసవిలో అడిగాను కదా. కొట్టలేకపోయాం.

దెబ్బ ఎత్తు దగ్గరే పడింది. డాలస్ నుంచి వెళ్ళి, కారు దిగీదిగగానే తొమ్మిదిన్నర వేల అడుగుల ఎత్తులో మూటలు మోస్తే ఊపిరి ఎక్కడాడుతుంది? మొదటి రోజంతా తలనొప్పే. ఒక రోజు ముందే చేరమని అప్పుడు ఒకన్న చెప్పిన మాట వినుండాల్సింది. 2002 కార్చిచ్చులో కాలిన మోళ్ళు మీద కూలతాయి, వాటికి దూరంగా పడుకోమన్న మాట మాత్రం విన్నాం. రాత్రి గాలికి అవి కిర్రుమంటుంటే నిద్రపడితే ఒట్టు.

మూడో రోజు పొద్దున మంచు పట్టిన గడ్డిలో పెంటికలు, ఇంకా ఆవిరొస్తున్నాయి. వంద గజాల్లో మగది! ఒక కొమ్ముకి మూడే కొనలు, రెండోది చెట్టు చాటున. అక్కడి నియమం ప్రకారం ఏదో ఒక కొమ్ముకి నాలుగు కొనలైనా, లేదా నుదుటి దగ్గరి కొన 5 అంగుళాలైనా ఉండాలి, లేకపోతే కొట్టకూడదు. అవేవీ తేలలేదు, తుపాకీ దించేశా. మా బావమరిది ఇప్పటికీ సణుగుతున్నాడు.

మాంసం మోయడానికి కొన్న సంచులు మడత విప్పకుండా గ్యారేజీలో ఉన్నాయి. వచ్చే ఏడు అక్కడికే, ఆరు రోజులు.