చివికిపోని బట్ట: పసుపు కుంకుమ పొలానికి సుమత్రాలో ఒక తోబుట్టువు

‘పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం’ అంటాం కదా, అందులో ఆ ‘కింద’ ఏమిటని కిందటి వారం ఇక్కడ ఒకరు అడిగారు. అప్పటినుంచీ ఆ మాట నా మనసులో తిరుగుతూనే ఉంది. దానికి సరిజోడు అనదగ్గ మాట నేను ఇండొనేషియాలోని సుమత్రాలో విన్నాను. టోబా సరస్సు చుట్టూ కొండల మీద ఉండే బాటక్ వాళ్ల మాట అది.

ఉలోస్ నా సో రా బురుక్.

ఉలోస్ అంటే మగ్గం మీద నేసిన, భుజాన వేసుకునే బట్ట. ‘నా’ విశేషణాన్ని కలిపే ముక్క. ‘సో’ లేదు, కాదు అని చెబుతుంది. ‘రా’ దానికి ఎన్నటికీ అన్న బలం ఇస్తుంది. బురుక్ అంటే పాతబడి చివికిపోవడం. కలిపి చదివితే ‘ఎన్నటికీ చివికిపోని బట్ట’. కానీ వాళ్లు ఆ మాట అన్నప్పుడు చూపించేది బట్టను కాదు, వరిమడిని. పెళ్లిలో కూతురికి పుట్టింటివాళ్లు రాసే మడి అన్నమాట. దాని అసలు పేరు పౌసెయాంగ్.

నాతో పనిచేసే ఒకాయన చెల్లెలి పెళ్లికని ఆయనతో కలిసి ఆ సరస్సు మధ్యనున్న సమోసిర్ దీవికి వెళ్లాను. మేడాన్ నగరం నుంచి సరస్సు ఒడ్డునున్న పారాపాట్ దాకా సుమారు 170 కిలోమీటర్లు కారులో, పక్కనే అజిబాతా రేవు, అక్కడ పడవెక్కి తొమొక్‌లో దిగడం. సరస్సే సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం కూడా చలిగాలి. పడవలో పక్కన కూర్చున్న ముసలావిడ మా సహోద్యోగిని ముందు పేరు అడగలేదు, ‘మార్గా’ ఏదని అడిగింది. మార్గా అంటే వంశం పేరు. ఆయన చెప్పగానే ఇద్దరూ లెక్కలు వేసుకుని, ఆవిడ తనకి అత్త వరస అవుతుందని తేల్చుకున్నారు. పడవ ఒడ్డు చేరేసరికి ఆవిడ సంచీ మా సహోద్యోగి చేతిలో ఉంది. దీనికి వాళ్లకో పద్యం ఉంది.

జోలో తినితిప్ సంగ్గార్, బాహెన్ హురు-హురువాన్;
జోలో సినుంగ్కున్ మార్గా, ఆసా బినోతో పార్తుతురాన్.

ముందు రెల్లు కోస్తే పిట్టకి పంజరం అల్లొచ్చు. ముందు మార్గా అడిగితే వరసలు తెలుస్తాయి. మొదటి పాదం రెండో పాదానికి ప్రాస అందించడానికే వస్తుంది. మన పల్లెల్లో ‘మీరు ఎవరి తాలూకు?’ అని అడిగే పెద్దవాళ్లకి ఈ పద్యం వినిపించాలని ఎంత అనిపించిందో!

ఇక పెళ్లి. అమ్మాయి తల్లిదండ్రులు ఒకే ఉలోస్‌ని వధూవరులిద్దరి భుజాల మీదుగా కప్పి, రెండు కొసలూ ముందుకి లాగి దగ్గర చేశారు. తలల మీద బియ్యం పెట్టారు. మన అక్షతల్లా పైనుంచి చల్లడం కాదు, చిటికెడు బియ్యం మెల్లిగా నడినెత్తిన ఉంచడం. ప్రాణానికి గట్టిదనం వస్తుందట. ఆ తర్వాత అమ్మాయి తరఫు బంధువులు ఒక్కొక్కరే ఉలోస్‌లు తెచ్చి కప్పుతూనే ఉన్నారు. అబ్బాయి తరఫువాళ్లు ఒక్కరూ కప్పలేదు.

ఎందుకని అడిగాను. అసలు విషయం అక్కడే ఉంది. అమ్మాయి పుట్టింటివైపు (హులా-హులా అంటారు) నుంచి వచ్చేదంతా ‘ఉలోస్’ పద్దు. బట్టే కానక్కర్లేదు, చేప అయినా, బియ్యం అయినా, పొలం అయినా అంతే. అబ్బాయి వైపు (బోరు) నుంచి వెళ్లేదంతా ‘పిసో’ పద్దు. పిసో అంటే కత్తి. డబ్బు ఇచ్చినా అది కత్తే. కాబట్టి పొలాన్ని చివికిపోని బట్ట అనడం కవి వేసిన ఉపమానం కాదండీ. ఇది ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి వెళ్లే కానుకో చెప్పే లెక్క. మిగతా ఉలోస్‌లన్నీ ఏదో ఒకరోజు చిరుగుతాయి, ఇది చిరగదు, అంతే తేడా.

మన ‘కింద’ కూడా ఇదే పని చేస్తోందని నాకు అప్పుడు తట్టింది. జీతం కింద, అప్పు కింద, కట్నం కింద. ఏ పద్దులో రాసుకోవాలో చెప్పే మాట. పసుపు కుంకుమ అన్నది పద్దు పేరు, పొలం ఆ పద్దులో పడ్డ వస్తువు.

మా అమ్మమ్మకి 60 సెంట్లు అలా వచ్చింది. ఆవిడ ఏనాడూ ‘నా పొలం’ అనలేదు, ‘నా పసుపు కుంకుమ చేను’ అనేది. ఆ చేనుకి వెళ్లినప్పుడు గట్టు మీద చెప్పులు విడిచి దిగేది. ఆ మాట ఆవిడకి ఎంత గౌరవం ఇచ్చిందో, అంత అడ్డమూ పడింది. వాళ్ల నాన్న పోయాక పంపకాల్లో ‘నీకు పసుపు కుంకుమ ఇచ్చేశాం కదమ్మా’ అన్నారు. పద్దు మూసేశారు. బాటక్ ఊళ్లోనూ అదే దారి: పాత కట్టుబాటు ప్రకారం తండ్రి భూమి కొడుకులకే, కూతురికి వచ్చేది వాటా కాదు, కానుక. పేరు ఎంత అందంగా ఉంటే అడగడం అంత కష్టం అవుతుందేమోనని నాకు నిజంగా బాధ.

— — —

వ్యాఖ్య: మా అమ్మ దస్తావేజులో ‘పసుపు కుంకుమల నిమిత్తం’ అని ఉందండీ. ‘కింద’ అని లేదు. అప్పుడు మీ పద్దు వాదన నిలుస్తుందా?

జవాబు: మంచి పాయింటు మేడమ్. నిమిత్తం అంటే ఆ ఖర్చుల కోసం అని అర్థం వస్తుంది, పొలం పంటతో పసుపు కుంకుమలకి లోటు ఉండకూడదని. నోటి మాటలో అది ‘కింద’ అయింది. రాతలో ప్రయోజనం, మాటలో పద్దు. రెండూ మన దగ్గర బతికే ఉన్నాయని మీవల్ల తెలిసింది.

వ్యాఖ్య: దీనికి పాత తెలుగు మాట ‘అరణం’ ఉంది కదా గురువుగారూ. అరణపు దాసి అని కావ్యాల్లో వస్తుంది.

జవాబు: అవునండీ, రాయాల్సింది, మరిచిపోయాను. అరణంలో ఇచ్చే వస్తువు పేరు గానీ దిక్కు గానీ కనిపించదు. పసుపు కుంకుమలో ఇంటి వాసన ఉంది.

వ్యాఖ్య: బాటక్ వాళ్లు ఊరిని ‘హుతా’ అంటారని చదివాను. మన కోటకి చుట్టమా?

జవాబు: చుట్టమే. మలయ్‌లో ‘కోతా’, అది సంస్కృతం కోట్ట నుంచి. ఆ కోట్ట ద్రావిడ భాషల నుంచి వెళ్లిందని చాలామంది పండితుల మాట. టోబా బాటక్‌లో మొదటి ‘క’ ‘హ’ అవుతుంది: మలయ్ కామి (మేము) హామి, కీతా (మనం) హీతా, కాతా (మాట) హాతా. ఈ కాతా మన ‘కథే’. హుతా చూస్తే కోట అన్న పేరు ఎందుకో అర్థమవుతుంది. చుట్టూ మట్టికట్టో రాతిగోడో, దాని మీద దట్టంగా వెదురు, లోపలికి ఒక వాకిలి, మధ్య వాకిట్లో ఎదురెదురుగా ఇళ్లూ ధాన్యపు కొట్లూ. ఊరు కట్టినవాణ్ని ‘సీసువాన్ బులు’ అంటారు, వెదురు నాటినవాడు అని. ఊరి మీద హక్కు అతని మార్గాది. మామగారి ఊళ్లో వచ్చి ఉండే అల్లుడికి ‘సొందుక్ హేలా’ అని పేరు. అంటే మన ఇల్లరికపు అల్లుడే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను: వాళ్ల పాత పంచాంగంలో దిక్కులు పుర్బా, అంగ్గోని, దాంగ్సినా, నరితి, పాస్తిమా... తూర్పు నుంచి మీరే లెక్కపెట్టుకోండి. వారాలు ఆర్తియా, సూమా, అంగ్గారా, మూడా, బోరాస్పతి. ఇంటి గోడ మీద చెక్కే బల్లి పేరు కూడా బోరాస్పతే, మన బృహస్పతి.

వ్యాఖ్య: అక్కడ ఇప్పటికీ ఆడపిల్లకి వాటా లేదా?

జవాబు: కోర్టు వేరే చెప్పింది. పక్కనే ఉండే కారో బాటక్ కుటుంబం కేసులో ఇండొనేషియా సుప్రీంకోర్టు 1961లోనే కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉందని తీర్పిచ్చింది. మన హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ 1985లో, దేశమంతటికీ 2005లో వచ్చాయి. మా అమ్మమ్మ పంపకాలు అంతకు ముందే అయిపోయాయి.

చివరగా నేనూ ఒకటి అడుగుతాను. కూతురికి పిల్లలు పుట్టాక ఇచ్చే పొలానికి బాటక్ వాళ్లకి ‘ఇందాహాన్ అరియాన్’ అనే మాట ఉంది. పగటి అన్నం అని అర్థం. తాతగారు కూతురి బిడ్డకి రాసే పొలానికి మీ వైపు ఏదైనా పేరు ఉందా? శ్రీకాకుళం, పాలమూరు, రాయలసీమ, ఎక్కడిదైనా సరే. మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడిన మాట వాడినట్టే రాయండి.