నాన్న కొబ్బరి వ్యాసాలు: బొమ్మలుగా ఉంచేయనా, టైపు చేయించనా?

లంక కుర్రోడు:
మాది రాజోలు దగ్గర. కొబ్బరి తోటల మీద నాన్నగారు రాసిన 60 వ్యాసాలు సొంత సైట్లో పెట్టాను. కొన్ని చేతిరాతవి, కొన్ని అను ఫాంట్లలో డీటీపీ చేయించినవి. అన్నీ బొమ్మలుగానే ఎక్కించాను. ఎంతమంది చూస్తున్నారో తెలియాలని గూగుల్ అనలిటిక్స్ తగిలించాను. ఒకాయన ‘చూపు లేనివాళ్లకి ఇది పనికిరాదు, పైగా వచ్చినోళ్ల మీద నిఘా’ అని మెయిల్ కొట్టాడు. అంత తప్పు చేశానా అండి?

గౌతమి గట్టు:
ఆ మెయిల్ నాదే. మా బాబాయికి చూపు లేదు. ఫోన్లో తెర మీది అక్షరాలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని వింటాడు. మీ ఎర్రముక్కు పురుగు వ్యాసం తెరిస్తే ‘ఇమేజ్, స్కాన్ 14’ అని ఊరుకుంది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే. డీటీపీ ఫైళ్లు యథాతథంగా పెట్టినా లాభం లేదు. అను అక్షరాలు పైకి తెలుగే, లోపలుండేవి ఇంగ్లీషు గుర్తులు. ఏ ఫోనైనా తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చాలి. పేజీ కోడులో భాష తెలుగని రాయడం కూడా మరవకండి.

పంటకాల్వ:
మీ సైట్లో ‘మండలి’ అనే తెలుగు ఫాంట్ గూగుల్ సర్వర్ నుంచి లాగుతున్నారు. అంటే పేజీ తెరిచిన ప్రతివాడి ఐపీ అడ్రసు, అంటే నెట్‌లో వాడి కనెక్షన్ నంబరు, గూగుల్‌కి పోతుంది. ఇందుకే 2022 జనవరిలో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు ఒక సైటు యజమానితో 100 యూరోలు కట్టించింది. ఫాంట్ ఉచితమే, దింపుకుని మీ సైట్లోనే పెట్టుకోండి.

లంక కుర్రోడు:
మ్యూనిక్ ఎక్కడ, ముమ్మిడివరం ఎక్కడండీ!

పంటకాల్వ:
నవ్వండి. పోయినేడు ఏదో సైట్లో కొబ్బరి మొక్కల ధర అడుగుదామని నంబరిచ్చాను. సాయంత్రానికల్లా అప్పులిస్తామని ఫోన్లు. నేటికీ ఆగలేదు.

కొబ్బరాకు:
మీ సైట్లో ఆ లేత బూడిద అక్షరాలు ఎండలో, తోటలో నుంచుని చదివితే తెలుస్తుంది. అక్షరం రంగుకీ వెనక రంగుకీ తేడా (కాంట్రాస్టు) కనీసం 4.5:1 ఉండాలి.

లంక కుర్రోడు:
సలహాలకేం, అందరూ ఇస్తారు. 60 వ్యాసాలు ఎవడు టైపు చేస్తాడు? మీ బాబాయిగారొక్కరి కోసమా?

గౌతమి గట్టు:
ఒక్కడేనని మీ అనలిటిక్స్ చెప్పిందా? బొమ్మ దగ్గర ఆగిపోయి వెనక్కెళ్లినోళ్లు ఎందరో అందులో కనపడుతుందా?

లంక కుర్రోడు:
సరే, ఉన్నమాట చెప్తాను. నాన్నగారు పోయి ఏడాదిన్నర. ‘ళ’ రాస్తే కొస కాలవలా ఒంపు తిప్పేవారు. పక్కన ఖాళీలో కొబ్బరికాయల దింపు లెక్కల గీతలు. టైపు కొడితే ఇంకేం మిగుల్తుంది? రాత్రిళ్లు ఆ అనలిటిక్స్ లెక్క తెరిచి, ఇవాళ ఒక్కడైనా చదివాడా అని చూసుకుంటాను. అదీ తీసెయ్యమంటారు.

గౌతమి గట్టు:
బొమ్మ తీసెయ్యమని నేనెప్పుడన్నానండీ? దాని కిందే టైపు చేసింది పెట్టమన్నాను. లెక్కంటారా, మీ సైటు ఉంచిన హోస్టింగులో సర్వర్ లాగు (వచ్చిపోయినవాళ్ల చిట్టా) ఉంటే ఏ పేజీ ఎన్నిసార్లు తెరిచారో అందులోనే దొరుకుతుంది. గూగుల్ దాకా వెళ్లక్కర్లేదు.

పంటకాల్వ:
లాగులోనూ ఐపీలుంటాయి. వారానికోసారి చెరిపెయ్యాలి.

గౌతమి గట్టు:
ఆగండి బాబూ మీరు. లంక గారూ, పురుగు వ్యాసం పెద్ద సైజులో పంపండి, నేను కొడతాను.

లంక కుర్రోడు:
పంపాను. మూడో పేజీలో ‘దింపు’ పక్కనున్న మాటకి అక్షరాలు తెలుస్తున్నాయి గానీ అర్థం తెలీట్లేదు. బాబాయిగారికి ఒకసారి చదివి వినిపించండి.