మిద్దె తోట కుండీల్లో ప్రాణమున్న మట్టి సాధ్యమేనా? చిటికెడు రసాయన ఎరువు వేస్తే అంతా చచ్చిపోతుందా?

మిద్దెమొక్కలు, అనంతపురం

అందరికీ నమస్కారం. మా మిద్దె మీద 42 కుండీలున్నాయి. రెండేళ్లుగా ఒక్క గ్రాము రసాయన ఎరువు కూడా వేయలేదు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కోకోపీట్, వేప పిండి కలిపి నింపాను. పదిహేను రోజులకోసారి జీవామృతం పోస్తాను. కట్టెల పొయ్యి బూడిద, గుడ్డు పెంకుల పొడి కూడా వేస్తుంటాను. బోరు నీళ్లు, వాటర్ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు పోస్తాను, వృథా ఎందుకు చేయాలని.

మొదటి ఏడాది బాగానే కాసింది. ఈ ఏడాది టమాట, మిరప, వంగ మూడూ పసుపు పచ్చగా తిరిగాయి. టమాట కాయల అడుగు నల్లబడి తోలులా అవుతోంది. మా మరిది వ్యవసాయం చేస్తాడు. "చిటికెడు డీఏపీ వెయ్యి వదినా, వారంలో లేస్తుంది" అంటున్నాడు. నేను చదివే తోటల గ్రూపులో మాత్రం ఒక్క చెంచా ఎరువు వేసినా రెండేళ్లు పెంచిన సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయంటున్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లరేగడి, కర్నూలు

మీ మరిది చెప్పింది నిజమేనక్కా. ఇరవై ఏళ్లుగా రైతుల మధ్యే పనిచేస్తున్నాను, లెక్కతోనే చెప్తాను.

ఎకరానికి 200 లీటర్ల జీవామృతంలో పడేవి 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. వీటన్నిటిలో ఉండే నత్రజని కూడితే పావు కిలో దాటదు. అది ఎకరం మొత్తానికి. ఒక్క 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. మీ కుండీకి జీవామృతం ద్వారా అందేది దాదాపు ఏమీ లేదు. మొదటి ఏడాది కాసింది పశువుల ఎరువు బలంతో. అది అయిపోయింది, మొక్క ఆకలితో ఉంది.

19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ 19 శాతం చొప్పున ఉండే ఎరువు) లీటరు నీటికి 2 గ్రాములు కలిపి పదిరోజులకోసారి పోయండి. వేరు పీల్చుకునే నైట్రేటు (నత్రజని రూపం) పేడలోంచి వచ్చినా బస్తాలోంచి వచ్చినా ఒక్కటే.

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు

అన్నా, మీ లెక్క సరైనదే. కానీ జీవామృతాన్ని ఎరువుగా లెక్కేశారు, అది ఎరువు కాదు. అది తోడు. గిన్నెలో పాలే లేకుండా రోజూ తోడు వేస్తూ పోతే పెరుగు అవుతుందా? పాలంటే ఇక్కడ ఘనజీవామృతం (జీవామృతం గట్టి రూపం), మాగిన ఎరువు, పైన కప్పిన ఆకులలములు, ఏడాది పొడుగునా మట్టిలో ఉండే బతికున్న వేర్లు. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం నడుస్తోంది. మా మహిళా సంఘంలో నేర్పిన మొదటి సంగతే ఇది. నేల ఎండకు బట్టలేకుండా ఉండకూడదు, ఏదో ఒక వేరు ఎప్పుడూ ఉండాలి.

అక్కా, మీరు మట్టి మీద ఏమైనా కప్పారా? మీరు రాసినదాంట్లో ఆ మాటే లేదు.

మా ఇంటి వెనక సగానికి కోసిన డ్రమ్ముల్లో బీర, గోరుచిక్కుడు, వంగ పెట్టాను. నాలుగేళ్లయింది, మట్టి మార్చలేదు, తవ్వలేదు. పంట అయిపోతే మొదలు దగ్గర కోసేసి వేరు లోపలే వదిలేస్తాను. పైన శనక్కాయ పొట్టు, కానుగాకు మూడు వేళ్ల మందాన ఉంటుంది. చేత్తో పొట్టు జరిపితే కింద ఎర్రలు (వానపాములు) కనిపిస్తాయి. అది చూసినప్పుడు కలిగే సంతోషం నేను మాటల్లో చెప్పలేను.

తేలిగ్గా దొరికే భాస్వరం పోస్తే మొక్క మైకోరైజా అనే వేరు శిలీంధ్రంతో స్నేహం తగ్గించుకుంటుంది, అడక్కుండానే అన్నం దొరుకుతోంది కాబట్టి. నత్రజని ఎక్కువైతే లేత ఆకు మెత్తబడి పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగు) పడుతుంది. ఈ రెండూ మీరు కాదనలేరు.

నల్లరేగడి, కర్నూలు

కాదనను చెల్లెమ్మా. కానీ మైకోరైజా అన్ని మొక్కలకూ పట్టదు. ముల్లంగి, క్యాబేజీ, ఆవాలు ఆ స్నేహమే చేయవు. పాలకూర, తోటకూర కూడా దాదాపు అంతే. మిద్దె తోటల్లో సగం ఆకుకూరలే కదా.

ఇంకో మాట. పొలానికి లోతుంది. మూడడుగుల కింద నుంచి కూడా వేరు తెచ్చుకుంటుంది. పన్నెండు లీటర్ల బకెట్‌కు లోతెక్కడిది? రోజూ నీళ్లు పోస్తుంటే కరిగిన నైట్రేటు కింది రంధ్రంలోంచి కారిపోతుంది. పొలంలో నడిచిన పద్ధతిని బకెట్‌లోకి దించి "ప్రకృతి చూసుకుంటుంది" అనడం మొక్కకు అన్యాయం.

"చెంచా ఎరువు వేస్తే సూక్ష్మజీవులన్నీ చస్తాయి" అనేది భయపెట్టే మాట, దాన్ని మాత్రం ఒప్పుకోను. యూరియాను అమ్మోనియాగా, తర్వాత నైట్రేటుగా మార్చేదే ఆ సూక్ష్మజీవులు. చేయి తిరగని వాళ్లు పిడికెడు యూరియా మొక్క మొదట్లో కుమ్మరిస్తే వేరు మాడుతుంది, అక్కడున్న ఎర్రలూ పోతాయి. అది మోతాదు తప్పు. శ్రీలంకలో 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసి, రైతులు రోడ్డెక్కాక నవంబరులో వెనక్కి తీసుకున్నారు. పంతం పట్టి చేస్తే ఇలాగే ఉంటుంది.

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు

శ్రీలంకలో నేల సిద్ధం కాకముందే రాత్రికి రాత్రి ఆపేశారు. ఎవరు చేసినా అది తప్పే. దానితో ఈ అక్క 42 కుండీలను పోల్చకండి అన్నా. ఆమె అమ్ముకోవడానికి పండించడం లేదు, ఇంట్లో పిల్లలకు పెట్టడానికి పండిస్తోంది. పది కాయలు తగ్గినా నష్టం లేదు. ఆ మట్టి ఆమెతోపాటు పదేళ్లు ఉండాలనేదే నా తపన.

హంద్రీ గట్టు, కర్నూలు

మధ్యలో ఒక మాట. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకు జీవామృతం డ్రమ్ము కుదరదు. నేను ఒకసారి పెట్టి పక్కింటివాళ్లతో మాట పడ్డాను. మాగిన గొర్రె ఎరువు తెచ్చుకుంటున్నాను. పశువుల ఎరువు కంటే బలం ఎక్కువ, వాసన లేదు. మా తాతల కాలంలో పొలంలో గొర్రెల మంద పెట్టించుకునేది ఇందుకే.

చీనీ తోట, తాడిపత్రి

మీరిద్దరూ మంచి విషయాలు మాట్లాడుతున్నారు గానీ, అసలు ఏ ఆకులు పసుపు తిరిగాయని ఎవరూ అడగలేదు.

అక్కా, మూడు సంగతులు చూసి చెప్పండి. పసుపు కింది ముదురాకుల్లో ఉందా, పైన లేత చిగుళ్లలో ఉందా? ఆకు మొత్తం పసుపా, ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో పసుపా? కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర ఏమైనా కట్టిందా?

మిద్దెమొక్కలు, అనంతపురం

ఇప్పుడే పైకెళ్లి చూసొచ్చానన్నా. పసుపంతా పైన చిగుళ్లలోనే ఉంది. ఈనెలు పచ్చగా గీతలు గీసినట్టు కనబడుతున్నాయి. కింది ఆకులు బాగానే ఉన్నాయి. తెల్లటి పొర అన్ని కుండీలకూ ఉంది, ఎరువు తాలూకు బూజేమో అనుకున్నాను. మీరు అడిగాక ఇంకోటి గమనించాను. ఏసీ పైపు కారే చోట రెండు మిరప కుండీలున్నాయి. వాటికి వేరే నీళ్లు దాదాపు పోయను. అవి మాత్రం నిగనిగలాడుతున్నాయి. మట్టి, ఎరువు, జీవామృతం అన్నీ మిగతావాటికి వేసినవే.

చీనీ తోట, తాడిపత్రి

అయితే మీ సమస్య నత్రజని కాదక్కా, నీళ్లు. నత్రజని తగ్గితే కింది ముదురాకులు ముందు పండుతాయి, ఎందుకంటే మొక్క పాత ఆకులోంచి లాగి కొత్త చిగురుకు పంపుకుంటుంది. ఇనుమును అలా లాగలేదు, అందుకే లోపం చిగురులో కనబడుతుంది. చీనీ (బత్తాయి) తోటలవాళ్లందరికీ ఇది అలవాటైన జబ్బే. సున్నం ఎక్కువున్న నేలలో మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు.

మన బోర్లలో చాలావాటిది ఉప్పు నీరు, బైకార్బొనేట్లు ఎక్కువ. రోజూ పోసే కొద్దీ కుండీ మట్టి పీహెచ్, అంటే క్షారగుణం, పెరుగుతూ పోతుంది. ఆ తెల్లటి పొర బూజు కాదు, ఈ ఉప్పే. మొదటి ఏడాది బాగుండి రెండో ఏడాది చెడిపోవడానికి ఇదే కారణం. దానికి తోడు ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లు. మంచినీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది కదా, బోరు నీళ్ల కంటే అవి ఇంకా చెడ్డవి. బూడిద కూడా క్షారమే. గుడ్డు పెంకులు సున్నం, ఈ పీహెచ్‌లో అవి కరగవు కూడా. ఏసీ నీళ్లలో ఉప్పు లేదు, అందుకే ఆ రెండు కుండీలు బతికాయి.

మీ మరిది మాట విని డీఏపీ వేసుంటే భాస్వరం పెరిగి ఇనుము ఇంకా అందకుండా పోయేది. జీవామృతం రెట్టింపు పోసినా ఆ నీళ్లు ఆపకపోతే గుణం ఉండదు.

టమాట అడుగు నల్లబడటం కాల్షియం కాయ చివరికి చేరకపోవడం వల్ల. నీళ్లలో కాల్షియానికి కొదవ లేదు, కానీ ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచితే అది కాయదాకా వెళ్లదు. తడి ఒకేలా ఉంచండి.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఫిల్టర్ నీళ్లు, బూడిద, పెంకులు ఈరోజే ఆపండి. ఏసీ నీళ్లు, వాన నీళ్లు దొరికినన్ని పోయండి. మన జిల్లాలో సగటు వాన 550 మిల్లీమీటర్లే అయినా, వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి 50 వేల లీటర్లు పడుతుంది. రెండు పెద్ద డ్రమ్ములు పైపు కింద పెట్టినా కుండీలకు ఎన్నో రోజులొస్తాయి. మొదటి గట్టి వానకు కుండీలన్నీ ఆరుబయట పెట్టి, కింది రంధ్రంలోంచి నీళ్లు బాగా కారేదాకా తడవనివ్వండి, ఉప్పు కడుక్కుపోతుంది. అప్పటిదాకా చిగుళ్లకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారం ఎడంతో రెండుసార్లు.

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు

నీళ్ల సంగతి నేను అడగాల్సింది, అడగలేదు. మా ఇంట్లో వాడేది కుళాయి నీళ్లు, అందుకే నాకు తట్టలేదు.

అన్నభేది రసాయనమే కదా అని మొదట మనసు ఒప్పలేదు. కానీ సేంద్రియ ధ్రువీకరణ నియమాల్లో కూడా లోపం ఉందని తేలితే సూక్ష్మపోషకాలకు అనుమతి ఉంది. కాబట్టి నీళ్లు మారేదాకా మందులా వాడండి అక్కా, అలవాటు చేసుకోకండి.

అయినా నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఎండాకాలం మన దగ్గర 42, 43 డిగ్రీలు మామూలు. మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి అంతకన్నా వేడెక్కుతుంది. 35 దాటితే వర్మీకంపోస్టు ఎర్రలే తట్టుకోలేవు. తేమ ఆరిపోయి, పైన ఉప్పు పేరుకునేది కూడా ఆ వట్టి మట్టి ఎండకు ఉండటం వల్లే. శనక్కాయ పొట్టుకు మన జిల్లాల్లో కరువా? మూడు వేళ్ల మందం కప్పండి. మట్టిలో మాత్రం కలపకండి. కలిపితే దాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనినే వాడుకుంటాయి, అప్పుడు నిజంగానే కింది ఆకులు పండుతాయి. మార్చి నుంచి 50 శాతం షేడ్ నెట్ కట్టండి. చిన్న కుండీలు ఒకదానికొకటి ఆనించి పెట్టండి. ఖాళీ అయిన కుండీలో తొలకరికి ముందే నవధాన్యాలు గుప్పెడు చల్లి, అడుగెత్తు పెరిగాక కోసి అక్కడే పరచండి. అనంతపురం మెట్ట పొలాల్లో తొలకరికి ముందు పొడి విత్తనం చల్లేది ఈ పద్ధతిలోనే.

నల్లరేగడి, కర్నూలు

ఆకు ఏదని అడగకుండా 19:19:19 పోయమని చెప్పాను. దుకాణానికొచ్చే రైతును మొదట ఆకు తెమ్మని అడిగేవాణ్ని, ఇక్కడ ఆ పని చేయలేదు. తప్పు నాదే.

నత్రజని మాట మాత్రం వదలను. ఈ పసుపు పోయాక కాయలు కాసే వంగకు, టమాటకు మేత కావాలి. రసాయనం వద్దనుకుంటే వేరుశనగ చెక్క వాడండి. అందులో నత్రజని 7 శాతం దాకా ఉంటుంది, అంటే 100 గ్రాముల చెక్క 15 గ్రాముల యూరియాతో సమానం. అలాగే కుండీలో వేస్తే చీమలు, ఎలుకలు తవ్వేస్తాయి. రెండు మూడు రోజులు నానబెట్టి, పది రెట్లు నీళ్లు కలిపి పోయండి. పెద్ద కుండీకి నెలకు 30 గ్రాములకు మించొద్దు.

మిద్దెమొక్కలు, అనంతపురం

ఐదు వారాలయింది, చెప్పిన మాట ప్రకారం రాస్తున్నాను. మధ్యలో రెండు మంచి వానలు పడ్డాయి. కుండీల కింద నుంచి మొదట కాఫీ రంగు నీళ్లు, తర్వాత తేటగా వచ్చాయి. అన్నభేది రెండుసార్లు కొట్టాను. మిరప, టమాట కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాయి. పాత పసుపాకులు అలాగే ఉన్నాయి, అవి ఇక మారవనుకుంటాను. కొత్తగా పట్టిన టమాట కాయల్లో రెండింటికే అడుగు నల్లబడింది. పొట్టు కప్పాక రోజు విడిచి రోజు నీళ్లు సరిపోతున్నాయి, ముందు రోజూ పోసేదాన్ని.

మీ ఇద్దరి వాదన నా మనసులో తెగలేదు. అందుకే వంగ కుండీలు పన్నెండు తీసుకుని ఆరింటికి 19:19:19, ఆరింటికి శనక్కాయ చెక్క నీళ్లు పోస్తున్నాను. పన్నెండింటికీ ఒకే నీళ్లు, ఒకే పొట్టు. మూడు వారాల్లో 19:19:19 పోసినవి రెండు వేళ్లు ఎత్తు ఎక్కువ పెరిగాయి. వాటిలో మూడింటికి పేనుబంక వచ్చింది, చెక్క నీళ్లు పోసినవాటిలో ఒకదానికే వచ్చింది. కాత ఇంకా మొదలు కాలేదు.

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు

కాత అయ్యాక కాయల తూకం ఒక్కటే చూడకండి అక్కా. రెండు రకాల కుండీల్లోనూ పొట్టు జరిపి పిడికెడు మట్టి తీసి ఎర్రలు లెక్కపెట్టండి. నీళ్లు పోస్తే ఎంతసేపటికి ఇంకుతుందో కూడా చూడండి.

నల్లరేగడి, కర్నూలు

తూకమూ వేయాలి, ఎర్రలూ లెక్కపెట్టాలి. రెండూ రాయండక్కా, సంక్రాంతిదాకా ఎదురుచూస్తాను.