అప్‌డేట్: నీలం ఐడా క్లాత్ రంగు దిగుతుందా అని అడిగాను కదా

చేతితో రంగు వేసిన 14 కౌంట్ ఐడా (అంగుళానికి 14 గళ్ళుండే క్రాస్ స్టిచ్ బట్ట) మీద గోదావరి, పడవ, తెల్ల కొంగ కుడదామనుకుంటున్నాను, ఉతికితే నీలం కొంగకి అంటుకుంటుందేమో అని పోయిన నెల అడిగాను. మీరు చెప్పినట్టే తడి తెల్లగుడ్డ ఒక మూల మీద అదిమి చూశాను. తీసేసరికి గుడ్డ మీద నీలం మచ్చ!

"ఉప్పు నీళ్ళలో వెయ్యమ్మా, నిలబడిపోద్ది" అన్నారు మా అత్తగారు. నరసాపురం లేసు అల్లిన చెయ్యి, కాదనలేకపోయాను. కానీ ముందే వేసేసిన రంగు దిగకుండా ఉప్పు ఆపలేకపోయింది. విడిగా చన్నీళ్ళలో జాడించడమే పని చేసింది. నాలుగో నీళ్ళు తేటగా వచ్చాయి.

ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పలేదు (నేనూ అడగలేదులెండి). బట్ట ముడుచుకుంది. 140 గళ్ళకి పది అంగుళాలు ఉండాల్సింది తొమ్మిదిన్నరే వచ్చింది. ఫ్రేమ్ ముందే కొనేశాను, నా తొందర.

నీళ్ళకి పెట్టుకున్న లేత నీలం దారం ఆ బట్ట మీద అసలు కనిపించలేదు. రెండు వరసలు కుట్టి విప్పేశాను. ఇప్పుడు నీళ్ళు కుట్టడం లేదు, బట్ట మీదున్న ఆ మరకల నీలాన్నే గోదావరి అనుకుని వదిలేశాను. దగ్గర్నుంచి చూస్తే ముదురు మచ్చలు సుడుల్లాగే ఉన్నాయి. కొంగ మాత్రం తెల్ల దారం రెండు పోగులతో పల్చగా అనిపించి, మూడు పోగులు వేశాను.

పడవ సగం అయింది. తెరచాప ఇంకా మొదలుపెట్టలేదు.